వెనక సందులో నిండు సభ

నాటకాల హాల్లో పనిచేశానని చెప్పగానే అందరూ స్టేజీ సంగతులు అడుగుతారు. ముప్పై ఏళ్ళ పైచిలుకు ఉద్యోగంలో నేను స్టేజీ ముందు కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చూసిన నాటకాలు పది కూడా ఉండవు. నా చోటు వెనక గుమ్మం. బెజవాడలో మా హాలు వెనక ఒక సందు ఉంది. సందు చివర బందరు కాలువ. నటులు వచ్చేదీ పోయేదీ ఆ సందులోంచే. ఇనప తలుపు, లోపలి వైపు గడియ, పక్కన ఒక స్టూలు, నా చేతిలో ఒక కాగితం. కాగితంలో పేరుంటే లోపలికి, లేకపోతే బయటే. చేరినప్పుడు అటెండర్ని, రిటైరయ్యేనాటికి సూపర్‌వైజర్ని. స్టూలు మాత్రం మారలేదు.

మొన్న పింఛను కాగితాల పని మీద హాలుకు వెళితే, కొత్తగా చేరిన పిల్లలు ఇద్దరు "వెనక గుమ్మం డ్యూటీ అంటే పనిష్‌మెంట్ కదా బాబాయ్" అన్నారు. వాళ్ళకి అప్పటికప్పుడు చెప్పలేకపోయిన జవాబు ఇది. ఇందులో నా గొప్ప ఏమీ లేదు. జరిగిన తప్పు నాది, దాన్ని సరిదిద్దింది వేరేవాళ్ళు.

అభిమానులంటే నాకు మొదట్నుంచీ చిన్నచూపు ఉండేది. చూడకూడనివి చాలా చూశాను మరి. దుష్టపాత్ర వేసి బయటికొచ్చిన నటుణ్ణి ఒక ముసలమ్మ గొడుగుతో కొట్టబోయింది. ఆయన "వేషమమ్మా, వేషం" అని మొత్తుకుంటున్నా వినలేదు. చివరికి ఆయనే వంగి ఆమె కాళ్ళకు దణ్ణం పెట్టి తప్పించుకున్నాడు. ఒకాయన గుడివాడ నుంచి వచ్చి, నటుడు చెమట తుడుచుకున్న తువ్వాలు కోసం నాతో గంటసేపు బేరమాడాడు. పుట్టిన బిడ్డను తెచ్చి పేరు పెట్టమన్నవాళ్ళు, గోంగూర పచ్చడి జాడీ చేతిలో పెట్టి తినేదాకా కదలనన్నవాళ్ళు, సెల్ఫోన్లు వచ్చాక భుజం మీద చెయ్యేసి ఫోటో దిగి కనీసం నమస్కారం పెట్టకుండా పోయినవాళ్ళు, అందరినీ చూశాను. ఇంటికెళ్ళి మా ఆవిడతో "మతిపోయిన జనం" అనేవాణ్ణి.

వాళ్ళలో ఒక్క మనిషి మాత్రం నాకు అంతుపట్టేది కాదు. పెడన నుంచి వచ్చే నేత పని చేసుకునే ఆవిడ. నా వయసే ఉంటుంది. మా పద్యనాటకాల పెద్దాయన ఆట ఉందంటే చాలు, బస్సెక్కి వచ్చేది. నాటకం చూసి వెనక సందులోకొచ్చి, ఎదుటి గోడకు ఆనుకుని నిలబడేది. గుమ్మం దగ్గరికి వచ్చేది కాదు. ఆయన బయటికి వచ్చి కారెక్కేదాకా చూసి, చేతులు జోడించి వెళ్ళిపోయేది. ఒకసారి నేనే అడిగాను.

"దగ్గరికొచ్చి ఒక నమస్కారం పెట్టుకోవచ్చుగా అమ్మా?"

"వద్దులెండి. దగ్గరికెళితే మనలాంటి మనిషే కనపడతాడు. నేను ఇంటికాడ మగ్గం మీద కూచుని టేప్‌లో ఆయన పద్యం పెట్టుకుంటానండి. ఆ గొంతు వింటుంటే చెయ్యి దానంతటదే ఆడుద్ది. ఆ రాజు నాకు చాలండి" అంది.

ఒక ఆటరోజు పనెక్కువై, సందు తొందరగా ఖాళీ చేయించాలని "ఆయన ఎప్పుడో వెళ్ళిపోయారమ్మా" అని ఆమెతో అబద్ధమాడాను. ఆయన లోపలే టీ తాగుతున్నారు. ఆవిడ నా మాట నమ్మి, దిగులుగా కాలువ వైపు నడుచుకుంటూ పోయింది. అలాంటి అబద్ధాలు ఉద్యోగంలో భాగమని అనుకునేవాణ్ణి.

ఇక పెద్దాయన సంగతి. మైలవరం దగ్గర పల్లెటూరి రైతు కుటుంబం. యాభై ఏళ్ళు రాజు వేషం కట్టారు. బయట చూస్తే సన్నగా, పొట్టిగా, ఎవరూ రెండోసారి చూడని మనిషి. కిరీటం పెట్టుకుంటే మాత్రం గుమ్మంలోంచి వంగి రావలసినంత ఎత్తు పెరిగినట్టు కనిపించేవారు. ఇది ఎలా జరుగుతుందో పక్కనే నిలబడి చూసినా నాకు తెలియలేదు. ఎనభై దాటాక నాటకాలు మానేశారు.

నేను రిటైరయ్యే సంవత్సరం ఎండాకాలంలో, ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయనకు మా హాల్లో సన్మానం పెట్టారు. ముఖ్య అతిథిగా ఒక సినిమా హీరో వస్తున్నాడు. మూడింటికి పెద్దాయన ఒకే ఒక్క ఘట్టం వెయ్యాలి, ఆ వెంటనే సన్మానం. రాజ్యం వదిలి వెళ్ళేముందు రాజు చివరిసారి నిండు సభలో మాట్లాడే ఘట్టం. అది ఆయన సొత్తు. కృష్ణా జిల్లాలో దాన్ని ఇంకొకరు వేస్తే జనం మర్యాదకి కూర్చునేవాళ్ళు, అంతే.

పొద్దున తొమ్మిదికే హీరో అభిమాన సంఘం వాళ్ళు సందులో దిగారు. వాళ్ళ ప్రెసిడెంటుది ఇబ్రహీంపట్నం, సెల్‌ఫోన్ల రిపేరు షాపు. ముప్పై అయిదేళ్ళుంటాయి. హీరోని వెనక గుమ్మంలోంచి తీసుకొస్తారని ఎవరో చెప్పారట. గజమాల, ఫ్లెక్సీ, సన్నాయి మేళం, అన్నీ తెచ్చారు. ఫ్లెక్సీని నా ఇనప తలుపుకే కట్టారు. నేను విప్పి కింద పడేశాను.

"ఇవాళ ఒక పెద్ద కళాకారుడికి సన్మానమయ్యా. మీ గోలేంటి ఇక్కడ?"

"మా అన్న వస్తున్నాడు బాబాయ్. ఇవాళ మాకు పండగ. కాసేపు ఓపిక పట్టండి."

"పనీ పాటా లేనోళ్ళకి రోజూ పండగే" అన్నాను. అతని మొహం మాడిపోయింది. ఫ్లెక్సీ దులిపి ఎదురుగోడకు కట్టుకున్నాడు.

ఒంటిగంటకు పెద్దాయనను వాళ్ళమ్మాయి తీసుకొచ్చింది. ఆమె గన్నవరంలో టీచరు. మేకప్ మొదలయ్యాక నన్ను వరండాలోకి పిలిచింది.

"బాబాయిగారూ, మీకు ఒక సంగతి చెప్పాలండీ. నాన్నగారికి మతిమరుపు బాగా ముదిరింది. ఇంట్లో గదులు కూడా ఒక్కోసారి కొత్తగా చూస్తున్నారు. హార్మోనియం శ్రుతి వినపడితే మాత్రం అక్షరం పోదు, అన్నీ వచ్చేస్తాయి. అందుకే ఒప్పుకున్నాను. స్టేజీ ఎక్కేదాకా ఆయన్ని ఒంటరిగా వదలకూడదండీ."

"కమిటీ వాళ్ళకి చెప్పారా?"

"ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లున్నాయి. ఆయన తడబడ్డప్పుడు ఎవరైనా వీడియో తీశారనుకోండి, యాభై ఏళ్ళు పాడిందంతా పోయి అదొక్కటే మిగులుతుంది. నన్ను ముందు వైపు రమ్మంటున్నారు, అతిథికి పుష్పగుచ్ఛం ఇవ్వాలట. మీరు దగ్గరుంటే నాకు ధైర్యం."

"నేనున్నాగా తల్లీ" అన్నాను.

హీరో విమానం ఆలస్యమైంది. గన్నవరంలో దిగాక రామవరప్పాడు దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాడు. మూడు దాటింది, మూడున్నర దాటింది. పెద్దాయన జరీ కోటులో, రంగు పూసిన మొహంతో కుర్చీలో కూర్చునే ఉన్నారు. మధ్యమధ్యలో నన్ను చూసి "బండి వచ్చిందా?" అని అడిగేవారు. ఏ బండో, ఏ ఊరి ఆటకు పోవాలనుకుంటున్నారో నాకు తెలియదు. "వస్తుందండీ" అనేవాణ్ణి. కాసేపటికి కళ్ళు మూసుకుని నిద్రలోకి జారుకున్నారు.

నాలుగు కావస్తుండగా ముందు వైపు నుంచి హోరు వినిపించింది. "వచ్చేశాడు, వచ్చేశాడు!" పోలీసులు హీరోని ముందు గేటు నుంచే లోపలికి తెచ్చారు, ఆ సంగతి సందులోవాళ్ళకు ఇంకా తెలియదు. పొద్దున్నే మా మనవరాలు ఫోనులో మెసేజి పెట్టింది. "తాతయ్యా, ఆయన పక్కన నిలబడి ఒక్క ఫోటో, ప్లీజ్." పిల్ల అడిగిందని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే, పిల్ల అడగకపోయినా వెళ్ళేవాణ్ణేమో. ఆ హోరు చెవిన పడగానే కాళ్ళు నిలవలేదు. పెద్దాయన నిద్రపోతున్నారు కదా, తలుపు గడియ వేసే ఉంది కదా, రెండు నిమిషాల్లో వచ్చేద్దామని పరుగెత్తాను. అరగంట క్రితం సందులోకి తొంగిచూసి, గడియ మళ్ళీ వెయ్యలేదన్న సంగతి నాకు గుర్తులేదు.

ముందు హాల్లో జనం మీద పడి, అరవై ఏళ్ళు వస్తున్న మనిషిని, చెయ్యెత్తి ఫోటో తీశాను. అందులో పడింది ఒక కానిస్టేబుల్ మోచెయ్యి.

తిరిగొచ్చేసరికి కుర్చీ ఖాళీ. బల్ల మీద ఉండాల్సిన కిరీటం లేదు. వరండా చివర ఇనప తలుపు తెరిచి ఉంది, ఎండ లోపలికి పడుతోంది. సందులోంచి మాత్రం చప్పుడే లేదు. రెండు వందల మందికి పైగా ఉన్న సందు అది. గోల చేస్తుంటే నాకు అంత భయం వేసేది కాదు.

గుమ్మం బయట మూడు మెట్లుంటాయి. పై మెట్టు మీద పెద్దాయన నిలబడి ఉన్నారు. కిరీటం, భుజకీర్తులు, జరీ కోటు, నడినెత్తి దాటిన ఎండ. ఎదురుగా కాలువ దాకా జనం. ఆయన నాటకంలోని గొంతుతోనే అడుగుతున్నారు.

"సభాసదులారా! ఏమిటీ మౌనం? రాజు రాగానే లేచి నిలబడే మర్యాద ఈ సభ మరిచిందా?"

ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. "ఎవర్రా ఈ తాత?" అన్నారొకరు. "మందేసినట్టున్నాడు" అన్నారు ఇంకొకరు. ఒక ఫోను పైకి లేచింది. దాని వెనక ఇంకో రెండు. పెద్దాయన చెయ్యి నడుం దగ్గర కత్తి కోసం వెతికింది. కత్తి లోపలే ఉంది. ఆయన కళ్ళు ఇటూ అటూ తిరగడం మొదలుపెట్టాయి. నేను గుమ్మంలోనే కొయ్యబారిపోయాను. చెయ్యి పట్టుకుని లోపలికి లాగితే, అందరూ చూస్తుండగా రాజు కాస్తా మతిలేని ముసలాడైపోతాడు. లాగకపోతే ఏమవుతుందో తెలియదు.

అప్పుడు ఎదురుగోడ దగ్గర్నుంచి, హాల్లో చోటు దొరక్క అక్కడే నిలబడ్డ పెడన ఆవిడ కదిలింది. అన్నేళ్ళలో ఆమె సందు దాటడం అదే మొదటిసారి. మెట్ల కింద చెప్పులు వదిలి, చేతులు జోడించి నిలబడింది.

"ప్రభువులు మన్నించాలి. ఎండ తీవ్రతకు సభ సొమ్మసిల్లింది. తమ రాకను గమనించలేకపోయాం. అపరాధం మాది" అంది.

'చెయ్యి దానంతటదే ఆడుద్ది' అన్న మనిషి నోటి నుంచి ఆ భాష ఎక్కడా తొణక్కుండా వచ్చింది. తర్వాత తల పక్కకు తిప్పి, ముందు వరస వాళ్ళతో గొంతు తగ్గించి, "నవ్వమాకండి నాయనా, మీకు దణ్ణం పెడతా" అంది.

ప్రెసిడెంటు ఆమెను చూశాడు. పెద్దాయనను చూశాడు. తర్వాత గుమ్మంలో ఉన్న నన్ను చూశాడు. పొద్దున ఫ్లెక్సీ విప్పి పడేసిన చేతులే అతనికి జోడించాను. అతను ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, వెనక్కి తిరిగాడు.

"ఫోన్లు జేబుల్లో పెట్టండ్రా. ఒక్క ఫోను పైకి కనపడిందంటే ఊరుకోను. తీసినోళ్ళు ఇప్పుడే చెరిపెయ్యండి." ఆ తర్వాత చెయ్యి పైకెత్తి, ఉన్న బలమంతా గొంతులోకి తెచ్చుకుని అరిచాడు. "మహారాజుకీ...!"

"జై!"

జై కొట్టడం వాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేదు కదా. రెండు వందల గొంతులు ఒక్కసారి లేచేసరికి కాలువ గట్టు మీది కొంగలు ఎగిరిపోయాయి. నా వెనక ఇనప తలుపు అదిరింది. మూడుసార్లు కొట్టి ఆపేశారు. ఆపమని ఎవరూ చెప్పలేదు.

పెద్దాయన భుజాలు నిటారుగా లేచాయి. పద్యం ఎత్తుకున్నారు. రెండు మాటలు దాటాక గొంతు దారి తప్పింది, ఆగిపోయారు. హార్మోనియం లేదు. అప్పుడు మేళంలోని సన్నాయి ఆయన, జనం మధ్య నుంచే, ఒక్క స్వరం పట్టి నిలిపాడు. ఎక్కువా లేదు, తక్కువా లేదు. పెద్దాయన ఆ స్వరం వైపు తల తిప్పి, చీకట్లో గోడ తడిమి తలుపు దొరికించుకున్నవాడిలా దాన్ని అందుకుని మళ్ళీ మొదలుపెట్టారు.

ఆ పద్యాన్ని నేను ఎన్నో ఏళ్ళు తలుపు ఇవతల నుంచి విన్నాను. విన్నానని అనుకున్నాను. మైకు లేకుండా, తెర లేకుండా, ఎండలో, ఎనభై దాటిన మనిషి గొంతు కాలువ అవతలి గట్టు దాకా వెళ్ళడం ఆ రోజే చూశాను. రాగం చివర ఆయన ఊపిరి అయిపోతుందేమోనని మేమంతా మా ఊపిరి బిగపట్టాం. అయిపోలేదు. పొద్దున పనీ పాటా లేనోళ్ళని నేనన్న జనం కళ్ళప్పగించి నిలబడిపోయారు. కొందరు చెప్పులు విడిచారు.

పద్యమయ్యాక ఆయన మెట్లు దిగారు. జనం వాళ్ళంతట వాళ్ళే చీలి రెండు వరసలయ్యారు. వంగిన తలల మీద చెయ్యి పెడుతూ సందు సగం దాకా నడిచి, నీళ్ళు కనపడగానే ఆగారు.

"ఈ నది ఏది?"

"కృష్ణమ్మే ప్రభూ" అన్నాడు ప్రెసిడెంటు. అబద్ధం కాదు, అవి ఆ నీళ్ళే.

ఇంతలో లోపల తెర లేస్తుందని చెప్పే మూడో బెల్లు మోగింది. స్టేజీ మీద హార్మోనియం పలికింది. పెద్దాయన ఎవరూ చెప్పకుండానే వెనుదిరిగి, వచ్చిన దారినే మెట్లెక్కారు. తలుపు పట్టుకుని నిలబడ్డ నా ముందు ఆగి, చిరునవ్వుతో అన్నారు.

"ద్వారపాలకా, ద్వారం తెరిచి ఉంచావు. మంచి పని చేశావు."

ఉద్యోగంలో నేను అందుకున్న మెచ్చుకోళ్ళలో అంత గట్టిగా తగిలింది ఇంకోటి లేదు.

స్టేజీ మీద ఒక్క అక్షరం పోలేదు. హీరో లేచి నిలబడి చేతులు జోడించాడని మర్నాడు పేపర్లో వచ్చింది. నేను వెనక తలుపు బార్లా తెరిచిపెట్టాను, సందులోవాళ్ళు కూడా వినాలని. ఘట్టం మధ్యలో "అన్న ముందు గేటు నుంచే వెళ్తాడంట" అని ఎవరో అన్నారు. కొంతమంది పరుగెత్తారు. ప్రెసిడెంటు, ఇంకా చాలామంది కదల్లేదు.

మేకప్ తుడుచుకుని, తెల్ల చొక్కా పంచెలో కూతురి చెయ్యి పట్టుకుని పెద్దాయన బయటికి వచ్చినప్పుడు, మళ్ళీ ఆ సన్నటి పొట్టి మనిషే. జనాన్ని చూసి బెదిరి ఆమె వెనక్కి జరిగారు. ఎవరూ మీద పడలేదు. హీరో కోసం తెచ్చిన గజమాలను నలుగురు పట్టుకుని, బరువు ఆయన మెడ మీద పడకుండా ఒక్క క్షణం ఆనించి తీసేశారు.

"ఎవరమ్మా వీళ్ళంతా?" అని అడిగారాయన.

"మీ కోసం వచ్చారు నాన్నా."

"పాపం, ఎండలో నిలబడ్డారు" అన్నారు.

జరిగింది నేను ఆమెకు చెప్పలేదు. చెప్పే ధైర్యం లేకపోయింది. ఆ రోజు నుంచి మా మనవరాలి చేత ఫోనులో రోజూ వెతికించేవాణ్ణి, ఎక్కడైనా వీడియో వచ్చిందేమోనని. వారమైంది, నెలైంది. రాలేదు. అంతమంది చేతుల్లో ఫోన్లున్నాయి, ఒక్క ముక్క బయటికి రాలేదు.

మరుసటి వానాకాలంలో పెద్దాయన పోయారు. దినాలయ్యాక వాళ్ళింటికి వెళ్ళి, వాళ్ళమ్మాయి ముందు కూర్చుని, ఫోటో కోసం పరుగెత్తిన దగ్గర్నుంచి అన్నీ చెప్పేశాను. తిడుతుందని తల వంచుకుని ఉన్నాను.

"ఆ వీడియో ఎవరి దగ్గరైనా ఉందా బాబాయిగారూ?" అని అడిగింది చివరికి.

"లేదమ్మా. ఒక్కటి కూడా లేదు."

"ఒక్కటైనా ఉంటే బాగుండేదండీ. ఆ టైములో నేను ముందు వైపు పువ్వులు పట్టుకుని నిలబడ్డాను. నేను చూడనేలేదు." అంతవరకూ ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది.

నేను ఇబ్రహీంపట్నం వెళ్ళాను. ప్రెసిడెంటు వాళ్ళ గ్రూపులో అడిగాడు, ఒక్కొక్కరికీ ఫోన్లు చేశాడు. రెండో రోజు నాకు కబురు చెప్పాడు.

"ఎవరి దగ్గరా లేదు బాబాయ్. మొదట్లో తీసినోళ్ళ చేత కూడా అప్పుడే చెరిపించాను కదా. మేడమ్ రమ్మంటే మేమొచ్చి చెప్తాం. చూసినోళ్ళం ఉన్నాం కదా" అన్నాడు.

ఒక ఆదివారం రెండు ఆటోల్లో పదకొండు మంది వచ్చారు. నేను చెప్పి పంపితే పెడన నుంచి ఆవిడ కూడా వచ్చింది. చాపల మీద కూర్చుని తలా ఒకటి చెప్పారు. కుడిచెయ్యి ఎత్తారని ఒకరు, కాదు ఎడమచెయ్యని ఇంకొకరు. జై కొట్టింది మూడుసార్లని నేను, అయిదని వాళ్ళు. తన తల మీద చెయ్యి పెట్టారని నలుగురు చెప్పారు, ఆ చెయ్యి ఎంత తేలిగ్గా ఉందో నలుగురూ ఒకేలా చెప్పారు. ఆమె కదలకుండా వింది. చివర్లో ఒకే ప్రశ్న అడిగింది.

"నాన్నగారు భయపడ్డారా?"

పెడన ఆవిడే చెప్పింది.

"భయపడ్డారమ్మా. నేను మెట్ల దగ్గరే ఉన్నాగా, కళ్ళల్లో కనపడింది. వీళ్ళు జై కొట్టేదాకానే. ఆ తర్వాత లేదు."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "మళ్ళీ మొదట్నుంచి చెప్పండి" అంది.

ప్రెసిడెంటు కొంచెం ముందుకు జరిగి, గొంతు సవరించుకున్నాడు. "మేము పొద్దున తొమ్మిదింటికే వచ్చాం మేడమ్..."